ఆ సారు ఏమైండు?

ఒక సినిమా బాగాలేదని చెప్పడం చాలా తేలిక. పాటలు బాగాలేవు, కథ లేదు, హీరో ఏడుస్తుంటే మనకు నవ్వొస్తుంది అని చెప్పి లేచిపోవచ్చు. కానీ హత్యల సినిమా చూసి "బాగాలేదు" అన్నప్పుడు మనం దేని గురించి ఫిర్యాదు చేస్తున్నాం? చావులు తక్కువయ్యాయనా? కత్తి సరిగా దిగలేదనా? మనసులో అదే ఉంటే మాత్రం అది పైకి చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉండాలి కదా!

నాకు ఈ ప్రశ్న ‘కుచ్ తో హై’ అనే హిందీ సినిమా వల్ల వచ్చింది. మా చంద్రపూర్‌లో తెలుగువాళ్ల ఇళ్లల్లో ఒకే టీవీ మూడు భాషలు మాట్లాడుతుంది. పొద్దున మరాఠీ వార్తలు, సాయంత్రం తెలుగు సీరియల్, రాత్రి హిందీ పిక్చర్. ఈ పిక్చర్ 2003 జనవరిలో వచ్చింది, అప్పటికి మేమెవరమూ పుట్టలేదు. ఏక్తా కపూర్ తీయించారు. అనురాగ్ బసు, అనిల్ వి. కుమార్ ఇద్దరు డైరెక్టర్లు. తుషార్ కపూర్, ఈషా డియోల్, నటాషా కాలేజీ విద్యార్థులు. రిషి కపూర్ ప్రొఫెసర్ బక్షీ వేషం వేశారు. అప్పట్లో సినిమా ఆడలేదట. పాటలు మాత్రం పెద్దవాళ్లకు ఇంకా గుర్తున్నాయి.

ఇలాంటి వాటిని స్లాషర్ సినిమాలు అంటారు. ముఖం కనిపించకుండా ఒకడుంటాడు, చేతిలో పదునైనది ఏదో ఒకటి ఉంటుంది. కుర్రాళ్ల గుంపును ఒక్కొక్కరినే చంపుకుంటూ వస్తాడు. చివర్లో ముసుగు తీస్తారు. అమెరికాలో ఇవి ఎన్నో వచ్చాయి. కాలేజీలో జరిగేవాటికి లెక్కే లేదు, ఎందుకంటే కాలేజీలో హాస్టల్ ఉంటుంది, రాత్రి ఉంటుంది, అమ్మానాన్న ఉండరు.

కథ ఇది. కాలేజీలో బక్షీ సారు గురించి ఒక పుకారు ఉంటుంది, ఆయన తన భార్యను చంపాడని. పరీక్ష చెడగొట్టుకున్న పిల్లలు పేపరు సంగతి చూసుకోవడానికి ఒక రాత్రి ఆయన ఇంట్లోకి దొంగతనంగా దూరతారు. అక్కణ్ణుంచి పారిపోవడంలో ప్రమాదం జరుగుతుంది. సారు పోయాడనుకుంటారు, నోరు మూసుకుంటారు. కొన్నేళ్లకు పాత స్నేహితులందరూ మళ్లీ కలుస్తారు, అప్పుడు హత్యలు మొదలవుతాయి. హంతకుడు ఎవరో నేను చెప్పను, చూడనివాళ్లు ఉంటారు. చూడకపోయినా పెద్ద నష్టం లేదు, అది వేరే సంగతి.

మా క్లాసులో దీని మీద పెద్ద చర్చ జరిగింది. "భయమే కాలేదురా" అన్నాడు ఒకడు. "ఇంటర్వెల్ దాకా లవ్ స్టోరీ, తర్వాత హత్యలు, రెండూ అతకలేదు" అంది ఇంకొకామె. "హంతకుడు ఎవరో నాకు ముందే తెల్సిపోయింది" అని అందరికంటే గట్టిగా చెప్పినవాడికి నిజంగా తెలిసిందో లేదో వాడికే తెలియాలి. ఈ ఫిర్యాదులన్నీ నిజమే. అయితే ఇవన్నీ సరిచేసినా సినిమా బాగుపడదని నా అభిప్రాయం. దానికి కారణం మా అమ్మమ్మ అడిగిన ఒక మాట.

అమ్మమ్మది ఆదిలాబాద్ వైపు. తాతయ్య బొగ్గు గనిలో పనికి వచ్చినప్పుడు ఆమె చంద్రపూర్ వచ్చింది. ఇన్నేళ్లయినా హిందీ సగమే అర్థమవుతుంది. అందుకే పాటలప్పుడు వంటింట్లోకి పోయి, మాటలు లేనప్పుడు వచ్చి కూర్చుంటుంది. సినిమా సగంలో ముసుగు మనిషి ఎవరై ఉంటాడని మేమంతా పందెం కాస్తుంటే, ఆమె అడిగింది, "అది సరే గని బిడ్డా, ఆ సారు ఏమైండు? ఆయనను ఎవరన్న పోయి చూసిండ్రా?"

ఎవరూ పోయి చూడలేదు. అసలు సినిమా ఆ ప్రశ్నను ఒక నిమిషం కూడా ఆగి అడగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే కథలో ఉన్న గట్టి విషయాలు రెండే. ఒకటి, రుజువు లేకుండా ఒక మనిషిని హంతకుడని కాలేజీ మొత్తం నమ్మడం. రెండు, మన వల్ల ఒక ప్రాణం ప్రమాదంలో పడ్డప్పుడు భయపడి వదిలేసి రావడం, తర్వాత దాన్ని దాచుకుని బతకడం. ఈ రెండూ నిజంగా భయపడాల్సిన విషయాలు. సినిమా వాటిని హత్యలకు కారణంగా వాడుకుని పక్కన పడేసింది. రెండో సగమంతా "ఎవడు వాడు" అనే ఒక్క ప్రశ్న మీదే నడిచింది. ఆ ప్రశ్నకు జవాబు దొరకగానే మనకు కూడా పని అయిపోయినట్టు అనిపిస్తుంది. నాకు కలిగిన నిరాశ అదీ.

ఈ కథ మన హిందీవాళ్ల సొంతం కాదు. 1997లో వచ్చిన ‘ఐ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్’ అనే అమెరికా సినిమా నుంచి తీసుకున్నారు. ఆ సినిమా లోయిస్ డంకన్ అనే రచయిత్రి 1973లో రాసిన అదే పేరుగల నవల నుంచి వచ్చింది. ఆవిడ పిల్లల కోసం, మా వయసువాళ్ల కోసం రాసేవారు. నవలలో నలుగురు కుర్రాళ్లు రాత్రి కారులో వస్తూ సైకిల్ మీద పోతున్న ఒక చిన్న పిల్లాణ్ణి గుద్దేస్తారు. ఆగరు. ఒకడు మాత్రం ఫోన్ చేసి పేరు చెప్పకుండా విషయం చెబుతాడు. పిల్లాడు బతకడు. నలుగురూ ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంటారు. ఏడాది తర్వాత ఉత్తరం వస్తుంది, నువ్వు చేసింది నాకు తెలుసని.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ నవలలో ఆ పిల్లాడు తప్ప ఇంకెవరూ చావరు. కథంతా ఆ ఒక్క చావు చుట్టూ, దాన్ని మోస్తున్న నలుగురి చుట్టూ తిరుగుతుంది. సినిమాకు వచ్చేసరికి కొక్కెం పట్టుకున్న మనిషి దిగాడు, శవాలు లేచాయి. అక్కడి నుంచి మన హిందీ సినిమాకు వచ్చేసరికి పాటలు కూడా కలిశాయి. చావుల లెక్క పెరిగిన కొద్దీ మొదటి చావు బరువు తగ్గిపోయింది. ఇది నా లెక్క.

డంకన్ గారికి ఆ సినిమా అసలు నచ్చలేదు, బాధపడ్డారు. దానికి కారణం తెలిస్తే మనకూ బాధ కలుగుతుంది. 1989లో ఆమె కూతుర్ని ఎవరో తుపాకీతో కాల్చి చంపారు. అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. తల్లి ఆ కేసు గురించి తనే తిరిగి, తనే పుస్తకం రాసి, హంతకుడి కోసం ఏళ్లకేళ్లు వెతికింది. 2016లో ఆమె చనిపోయేదాకా కేసు తేలలేదు. ఆ తల్లి థియేటర్లో కూర్చుని, తన కథలో తను రాయని హత్యలను, వాటికి జనం కేకలేయడాన్ని చూసిందనుకోండి. ఆమె ఎక్కడ చూస్తుంది, తెర వైపా, జనం వైపా?

"సినిమా సినిమానే, అంత సీరియస్‌గా తీసుకోవద్దు" అని మా క్లాసులోనే ఒక వాదన వచ్చింది. చెప్పినవాడు తెలివైనవాడు కాబట్టి జవాబు చెప్పాలి. చైత్రంలో మహాకాళి యాత్రకు పోతే జెయింట్ వీల్ ఎక్కుతాం కదా, పైకి పోయినప్పుడు అరుస్తాం కదా, అది తప్పా అని అతని ప్రశ్న. తప్పు కాదు. భయపడటంలో ఒక సరదా ఉంది, మన పెద్దవాళ్లు భయానకాన్ని కూడా నవరసాల్లో ఒకటిగా పెట్టారు. కానీ జెయింట్ వీల్‌లో భయం నాది, పడితే పడేది నేను. స్లాషర్ సినిమాలో పడేది ఎప్పుడూ వేరేవాడు. వాడి కోసం నాకు భయం కలగాలంటే వాడెవరో నాకు కొంచెం తెలియాలి. గ్రీకుల కాలంలో అరిస్టాటిల్ కూడా నాటకం గురించి ఇలాంటిదే చెప్పాడు. తగని కష్టం వచ్చినవాడి మీద జాలి కలుగుతుంది, మనలాంటివాడికి కష్టం వస్తే భయం కలుగుతుంది అన్నాడు. చెడ్డ స్లాషర్‌లో చచ్చేవాడికి పేరు కూడా సరిగా ఉండదు. తాగుతాడు, జోకేస్తాడు, పోతాడు. జాలీ లేదు, భయమూ లేదు, మిగిలింది లెక్కే: ఇద్దరు పోయారు, ఇంకా ముగ్గురు ఉన్నారు.

ఇదే రకంలో మంచి సినిమా లేకపోలేదు. 1997లోనే వచ్చిన ‘స్క్రీమ్ 2’ కూడా కాలేజీ కథే. దాని మొదట్లో ఒక థియేటర్ ఉంటుంది. హత్యల సినిమా ఆడుతుంటుంది, చూడటానికి వచ్చినవాళ్లు చాలామంది అదే ముసుగులు వేసుకుని అల్లరి చేస్తుంటారు. ఆ గుంపులో ఒక అమ్మాయిని నిజంగా పొడుస్తారు. ఆమె తెర ముందుకు వెళ్లి నిలబడుతుంది. జనం అది కూడా సినిమావాళ్ల తమాషా అనుకుంటారు. కాసేపటికి ఒక్కొక్కరే ముసుగులు పైకెత్తుతారు. హంతకుడి ముసుగు ఒక్కటే తీసే సినిమాలు వంద ఉంటాయి, చూసేవాళ్ల ముసుగులు తీయించింది ఇదొక్కటే నాకు తెలిసి. మిగతా సినిమా ఎలా ఉన్నా, ఆ పది నిమిషాలకు నేను మార్కులు వేస్తాను.

ఇప్పుడు ముసుగు సంగతి. సినిమాలో ముసుగు తీయగానే కింద సరైన మనిషి ఉంటాడు. ఒక్కసారి కూడా తప్పు మనిషి ఉండడు. మనకు అదే అలవాటైపోయింది. నిజంగా అయితే ఎట్లా ఉంటుందో మన తెలుగువాళ్ల నేల మీదే ఉదాహరణ ఉంది. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, లేడీస్ హాస్టల్‌లో ఉండి ఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చంపేశారు. రాష్ట్రమంతా ఎవడు, ఎవడు అని అడిగింది. 2008లో పోలీసులు ఒక పేదింటి కుర్రాణ్ణి తెచ్చి ఇతనే అన్నారు. 2010లో విజయవాడలో కోర్టు శిక్ష వేసింది. చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదని చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు అతను నిర్దోషి అని తీర్పు ఇచ్చింది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. అమ్మాయిని చంపింది ఎవరనే ప్రశ్న మొదటి రోజు ఎక్కడుందో మళ్లీ అక్కడికే వచ్చింది. దీన్ని సినిమాగా తీస్తే క్లైమాక్స్ ఎక్కడ పెడతారు? ముసుగు తీసిన రోజు జనం చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు కదా.

మాండవ్య మహర్షి కథ మా తెలుగు సార్ చెప్పారు. మహాభారతం ఆదిపర్వంలో ఉంది. మహర్షి మౌనవ్రతంలో ఉంటాడు. దొంగలు సొమ్ముతో వచ్చి ఆయన ఆశ్రమంలో దాక్కుంటారు. వెనకే రాజభటులు వస్తారు, అడుగుతారు, ఆయన మాట్లాడడు. దొంగలు ఇక్కడే దొరికారు, ఈయన నోరు విప్పడం లేదు, అంటే ఈయన కూడా దొంగే అని తేల్చి శూలం మీద ఎక్కిస్తారు. ఆయన చావడు. రాజు వచ్చి క్షమించమంటాడు కానీ శూలం పూర్తిగా బయటికి రాదు, విరగ్గొట్టి ముక్క లోపలే వదిలేస్తారు. అందుకే ఆయనకు అణిమాండవ్యుడని పేరు. నాకు ఈ కథలో మిగతాదాని కంటే ఆ ముక్క ఎక్కువ గుర్తుంటుంది. నిర్దోషి అని విడుదల చేసిన తర్వాత కూడా లోపల మిగిలేది అదే.

ఆ కథకు ఇంకో సగం ఉంది. మాండవ్యుడు యమధర్మరాజు దగ్గరికే వెళ్లి, నాకు ఈ శిక్ష ఎందుకు అని నిలదీస్తాడు. చిన్నప్పుడు ఒక పురుగును పుల్లతో గుచ్చావు అంటాడు యముడు. ఊహ తెలియని పిల్లాడు చేసినదానికి ఇంత శిక్షా అని మహర్షికి కోపం వచ్చి, పద్నాలుగేళ్లలోపు చేసింది పాపం కాదని కట్టడి చేసి, యముణ్ణే శపిస్తాడు. ఆ యముడే విదురుడై పుట్టాడు. అంటే మన కథల్లో న్యాయమూర్తికి కూడా శిక్ష పడుతుంది!

ఈ రెండో సగం చదివినప్పుడు నాకు 2019 గుర్తొస్తుంది. అప్పుడు మేము చిన్న క్లాసుల్లో ఉన్నాం, కానీ ఇంట్లో పెద్దవాళ్లు రోజంతా టీవీ ముందు ఉండటం జ్ఞాపకం ఉంది. నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలి మీద ఘోరం చేసి చంపేశారు. నలుగుర్ని పట్టుకున్నారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సినిమా ముగిసిందన్నట్టు అనిపించింది అందరికీ. ఆ కాల్పుల మీద విచారణకు సుప్రీంకోర్టు వేసిన కమిషన్‌కు పెద్ద రిటైర్డ్ జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్. ఆయన 1946లో మా చంద్రపూర్‌లోనే పుట్టారు, ఆ సంగతి మా ఊళ్లో చాలామందికి తెలియదు. 2022లో బయటికొచ్చిన కమిషన్ నివేదిక, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. నలుగురిలో ముగ్గురికి అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండలేదని కూడా చెప్పింది. నేను ఆ నలుగురు మంచివాళ్లని చెప్పడం లేదు. ఆ అక్క పడ్డ బాధ ముందు మాట్లాడటానికి నాకు అర్హత లేదు. కానీ కోర్టులో విచారణ జరగలేదు కాబట్టి, ఆ రాత్రి ఎవరు ఏం చేశారన్నది ఇక ఎప్పటికీ ఎవరూ అడ్డుప్రశ్నలు వేసి తేల్చలేరు. ఆమె తరఫున ఆ ప్రశ్నలు అడిగించుకునే హక్కు ఆమెవాళ్లకు ఉండేది. పూలు చల్లిన చేతులకు అది గుర్తు రాలేదు.

చెడ్డ సినిమా చూసినందుకే జనం ఇట్లా అయిపోయారని నేను అనను. అది తేలిక మాట, పైగా మా నాన్న టీవీ కట్టేయడానికి ఒక సాకు దొరుకుతుంది. నేను చెప్పేది ఇంకా చిన్నది. "ఎవడు వాడు" అనే ప్రశ్నకు మనకు బాగా సాధన ఉంది. రెండున్నర గంటల్లో అనుమానించి, గుర్తుపట్టి, శిక్షించి లేచి వస్తాం. "ఆ సారు ఏమైండు" అనే ప్రశ్నకు సాధన లేదు.

ఈ రెండో ప్రశ్న మా ఊరికి దూరంగా ఎక్కడో ఉన్నది కాదు. చంద్రపూర్ నుంచి ఘుగ్గుస్ వైపు, బల్లార్‌పూర్ వైపు బొగ్గు లారీలు పగలూ రాత్రీ తిరుగుతాయి. దుమ్ములో ఎదురుగా సైకిల్ వస్తే కనపడదు. గని మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు చీకట్లోనే బయల్దేరతారు. ఎవరన్నా పడిపోతే గుంపు చేరుతుంది, ఫోన్లు బయటికొస్తాయి, అందులో 108కు చేసేవి ఎన్నో, వీడియో తీసేవి ఎన్నో నేను లెక్క చెప్పలేను. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గుద్దిన డ్రైవరే గాయపడ్డవాణ్ణి దగ్గరి డాక్టరు దగ్గరికి చేర్చే ప్రయత్నం చేయాలి, పోలీసులకు చెప్పాలి. సాయం చేసినవాణ్ణి కేసుల్లో ఇరికించకుండా 2019లో 134ఎ అని కొత్త సెక్షన్ కూడా చేర్చారు. ఈ సంగతి తెలియక, "మనకెందుకు పోలీసు లఫ్డా" అని పక్కనుంచి పోయేవాళ్లు చాలామంది. వాళ్లు దుర్మార్గులు కాదు. నవలలోని ఆ నలుగురు పిల్లలు కూడా దుర్మార్గులు కాదు, అందుకే ఆ కథ చదివితే భయమేస్తుంది.

బక్షీ సారు పుకారు విషయం కూడా అంతే. ప్రతి బడిలో ఒక సారు గురించో, ఒక ప్యూన్ గురించో ఏదో ఒక కథ తిరుగుతుంటుంది. ముందు బ్యాచ్‌వాళ్లు చెప్పారని చెబుతారు, వాళ్లకు వాళ్ల ముందు బ్యాచ్‌వాళ్లు చెప్పి ఉంటారు. ఆయన్ను చూస్తే పిల్లలు నవ్వుకుంటారు. ఆయనకు ఎందుకో తెలియదు. ఎవరైనా వెళ్లి అడిగితే మాండవ్యుడిలా మౌనంగా ఉంటే ఇంకా అనుమానం, కోపపడితే ఇంకా ఎక్కువ అనుమానం. ఇక ఆయన ఏం చేయాలి?

ఈసారి గ్యాదరింగ్‌లో మా క్లాసువాళ్లు ఒక ముసుగు హంతకుడి నాటిక వేద్దామన్నారు. ముసుగు కొనడానికి డబ్బులు కూడా పోగుచేశారు. నేను వేరేది చెప్పాను. హత్యలు వద్దు, ప్రమాదం జరిగిన ఆ రాత్రి ఒక్కటే వేద్దాం. రోడ్డు పక్కన నలుగురు, చీకట్లో సైకిల్ చక్రం తిరుగుతున్న శబ్దం, మధ్యలో ఒక ఫోన్. పదిహేను నిమిషాలు చాలు. మొదట అందరూ "బోర్" అన్నారు. తర్వాత రిహార్సల్‌లో కూర్చుంటే గొడవ మొదలైంది. ఫోన్ చేసేవాడు పేరు చెప్పాలా వద్దా? చెబితే మిగతా ముగ్గురికి ద్రోహం చేసినట్టా? కారు నడిపినవాడొక్కడే దోషా, "ఇంకా ఫాస్ట్‌గా పోనియ్" అన్నవాడు కూడానా? కారులో నిద్రపోతున్న అమ్మాయి సంగతేంటి? ఆ అమ్మాయి వేషం వేసేది మా క్లాసు మానిటర్. నాకు డైలాగులు లేవు కాబట్టి ఫోన్ నా చేతికే ఇయ్యాలని ఆమె పట్టుబట్టింది. మిగతా ముగ్గురు ఇంకా ఒప్పుకోలేదు. గ్యాదరింగ్‌కు తొమ్మిది రోజులుంది.